డబ్బాలో కొట్టుకొచ్చిన వీరుడు

నిన్న రాత్రి రెండు గంటల దాకా డాలస్‌లో మా అక్క వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని 33 ప్లాస్టిక్ ముక్కలతో ఒక బొమ్మను కట్టాను. నా వయసు యాభై ఎనిమిది. కట్టడం అయ్యాక నిద్ర పట్టలేదు. ఇలాంటి వస్తువు ఒకటి ఇన్నేళ్లుగా భూమ్మీద ఉంటే నాకెవరూ ఎందుకు చెప్పలేదు!

అక్క వాళ్లు ఇల్లు మారుతున్నారు. గరాజ్ సర్దుతుంటే పాత చెప్పుల పెట్టె ఒకటి దొరికింది. పైన మా మేనల్లుడి చిన్నప్పటి చేతిరాత. సాయం చెయ్యడానికి వచ్చిన వాడు ఆ పెట్టె చూడగానే నేల మీద చతికిలబడ్డాడు. ముప్పై రెండేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. "ఇది కూడా డొనేషన్‌కి పంపేద్దామా?" అని అక్క అడిగితే జవాబు చెప్పకుండా పెట్టె తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. లోపల ఎరుపు, నీలం, తెలుపు, నలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో కాళ్లూ చేతులూ పాదాలూ, గుప్పెడు ముసుగులు. "బయోనికల్, మావయ్యా! నీకు తెలీదా?" అన్నాడు.

తెలీదు. 2001లో లెగో కంపెనీ వీటిని తెచ్చినప్పుడు నేను బెజవాడలో ఉన్నాను. అక్కడి షాపుల్లో ఇవి నా కంటపడలేదు. లెగో అంటే ఇటుకల్లాంటి ముక్కలతో ఇల్లు కట్టుకునే ఆట అనుకునేవాణ్ణి. ఈ పెట్టెలో ఒక్క ఇటుకా లేదు.

వాడికి మొదట దొరికిన బొమ్మ అరచేతిలో పట్టేంతది. ఆ ఏడాది మెక్‌డొనాల్డ్స్‌లో పిల్లల భోజనం డబ్బాతో పాటు ఇలాంటివి ఆరు రకాలు ఇచ్చారట. వాడికి వచ్చింది నీలం రంగుది, పేరు మాకు. పేరు విని నేను నవ్వితే వాడూ నవ్వాడు. ఈ పేర్లు తెలుగు చెవికి చిత్రంగా తగులుతాయి. నీటికి అధిదేవతలాంటి వీరనారి పేరు గాలి. నిప్పుల ఊరి కుర్రాడి పేరేమో జల! నిజానికి ఈ పేర్లలో చాలా వాటికి మూలం న్యూజిలాండ్ మావోరీల భాష. టాహు అంటే మండించడం, కొపాకా అంటే మంచు, పొహాటు అంటే రాయి. తమ పవిత్రమైన మాటల్ని బొమ్మలకు ఇలా వాడటం సరికాదని కొందరు మావోరీలు అభ్యంతరం చెబితే, కంపెనీ వాళ్లతో మాట్లాడి కొన్ని పేర్లు మార్చింది. జల కాస్తా జాలర్ అయ్యాడు. అడిగినవాళ్ల మాటకు విలువ ఇచ్చినందుకు ఆ కంపెనీ మీద నాకు గౌరవం కలిగింది.

ఇక టాహు సంగతి. ఎర్రటి వాడు, అగ్ని వీరుడు, చేతిలో మంటలా వంకర తిరిగిన కత్తి. రాత్రి నేను కట్టింది వాణ్ణే. "నువ్వే కట్టు మావయ్యా, నేను చెయ్యి పెట్టను" అని మేనల్లుడు ముక్కలన్నీ నా ముందు కుమ్మరించాడు. ఇరుసు ముక్కని అడ్డంగా కోస్తే కూడిక గుర్తులా ఉంటుంది. అందుకే రంధ్రంలో దూర్చాక అది జారదు, చక్రం తిరిగితే దానితో పాటే తిరుగుతుంది. తుంటి దగ్గర గుండ్రటి గుబ్బ, తొడ ముక్క చివర చిన్న గిన్నె. నొక్కితే టక్‌మని కూర్చుంటుంది. మన భుజం కీలు ఎలా ఉంటుందో అచ్చం అలాగే. ఆ టక్‌మనే చప్పుడు వింటే వేళ్లకు ఎంత తృప్తిగా ఉంటుందో రాసి చెప్పలేను. కూర్చోబెట్టిన కాలు ఎటు తిప్పితే అటు తిరిగి, వదిలిన చోటే ఆగుతుంది. మోకాలు మాత్రం వంగదు. అయినా ఒక పాదం ముందుకు పెట్టి, ఒంటిని కాస్త వంచి నిలబెడితే, ఇప్పుడే దూకుతాడా అన్నట్టుంటాడు.

భుజం వెనక ఒక పళ్ల చక్రం. దాన్ని వేలితో తిప్పితే కత్తి పట్టిన చెయ్యి పైకి లేచి కిందికి దిగింది. నాలుగుసార్లు తిప్పాను. ఐదోసారి తిప్పబోతుంటే వాడు పొహాటుని తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు. నా కత్తి తగిలి పొహాటు ముసుగు ఊడి టేబుల్ కింద పడింది. ఆట అదే! ఎదుటివాడి ముసుగు ఊడగొట్టాలి. ముసుగు పోతే వాడి శక్తి పోతుంది.

ముసుగు ఊడినప్పుడు బయటపడిన తలని ఎంతసేపు చూశానో లెక్క లేదు. ఆ తల లోపల వెలుగు పారే రంగు ముక్క ఒకటుంది. దాని ఒక కొస తల పైభాగాన బయటికి కనిపిస్తుంది, రెండో కొస కళ్లు. పైనున్న దీపం వెలుతురు ఆ ముక్కలోంచి దిగి కళ్లలోకి వస్తుంది. బ్యాటరీ లేదు, తీగ లేదు. "లైట్ కింద పెట్టు, మావయ్యా" అని వాడు హాల్లో లైట్లన్నీ ఆర్పేసి టేబుల్ ల్యాంప్ ఒక్కటే ఉంచాడు. టాహు కళ్లు నిప్పు కణికల్లా వెలిగాయి. నా ఒళ్లు జలదరించింది. బొమ్మ చెయ్యి పడి వెలుతురుకి అడ్డమైతే కళ్లు ఆరిపోతాయి, చెయ్యి తీస్తే మళ్లీ వెలుగుతాయి. ఏడు డాలర్ల ప్రాంతంలో అమ్మిన బొమ్మ ఇది! దీని కోసం ఇంత ఆలోచించినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

నేను కొండపల్లి బొమ్మలు చూస్తూ పెరిగినవాణ్ణి. అక్కడా పొణికి చెక్కతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల మక్కుతో అతుకుతారు. ఆ అతికే పని కళాకారుడిది, ఒకసారి అతికితే అంతే. ఇక్కడ అతికే పని పిల్లాడికి వదిలేశారు, విడగొట్టే పని కూడా. తాటిబుర్రలకు పుల్ల గుచ్చి బండి చేసుకుని ఊరంతా తిప్పిన నా చేతులకు ఆ స్వేచ్ఛ ఏమిటో వెంటనే అర్థమైంది. ఈ ఆరుగురు వీరుల్లో టాహు, ఓనువా, పొహాటు ముగ్గుర్నీ విప్పి ఒకే పెద్ద వీరుడిగా కట్టొచ్చు. మిగతా ముగ్గురితో ఇంకొకడు. అది కాక, నీ బుర్రకు తోచినట్టు ఎవరి చెయ్యి ఎవరికైనా తగిలించొచ్చు. మా వాడి పెట్టెలో అలాంటివాడు ఒకడున్నాడు. నాలుగు చేతులు, రెండు రంగుల కాళ్లు, తెల్ల ముసుగు. ఎనిమిదేళ్లప్పుడు కట్టాడట. ఇప్పటికీ వాణ్ణి విప్పలేదు, విప్పనివ్వలేదు.

ముసుగుల్ని చిన్న పొట్లాల్లో విడిగా కూడా అమ్మేవాళ్లు. విప్పేదాకా లోపల ఏది ఉందో తెలీదు. ఒకటి వేగాన్నిస్తుంది, ఒకటి బలాన్ని, ఒకటి గాల్లో తేలే శక్తిని, ఒకటి గోడల అవతలికి చూసే చూపుని. ఈ బొమ్మలకో కథ ఉంది. అందులో వీరులు తాము చేరిన దీవంతా వెతికి ఆ ముసుగులన్నీ పోగు చెయ్యాలి. పిల్లలూ అదే పని చేశారు, స్కూల్లో ఒకటిచ్చి ఒకటి పుచ్చుకున్నారు. వాడు ఒక ఆకుపచ్చ ముసుగు కోసం వారం రోజులు తన లంచ్‌లోని కుకీలు ఇచ్చేశాడట. ఆ ముసుగుని పెట్టెలోంచి వెతికి మరీ చూపించాడు.

ఈ బొమ్మలు గొట్టంలాంటి ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చేవి. కథలో కూడా వీరులు అలాంటి డబ్బాల్లోనే సముద్రం మీద తేలుతూ దీవి ఒడ్డుకు కొట్టుకొస్తారు. ముక్కలు ముక్కలుగా ఉన్న తమని తామే కట్టుకుని లేచి నిలబడతారు. షాపులో కొన్న డబ్బా మూత తీసిన పిల్లాడు చేసేదీ అదే కదా! ఇది వినగానే చేతిలో ఉన్న టీ కప్పు కింద పెట్టేశాను.

అసలు కథ ఇంకా ఉంది. ఈ లోకాన్ని ఊహించినవాళ్లలో క్రిస్టియన్ ఫాబర్ ఒకడు. డెన్మార్క్‌లో లెగోకి ప్రకటనలు తయారుచేసే అడ్వాన్స్ అనే సంస్థలో ఆర్ట్ డైరెక్టర్. మెదడులో కణితి వచ్చి మందులు వాడుతున్న మనిషి. ఒంట్లోకి వెళ్తున్న ఆ మందుని, లోపల తనను మళ్లీ నిలబెట్టడానికి బయలుదేరిన బుల్లి సైనికుల దండుగా ఊహించుకున్నాడు. బయోనికల్ అక్కడ మొలిచింది. ఇప్పుడు ఆ డబ్బా ఆకారం మళ్లీ చూడండి, మందు క్యాప్సూల్‌లా లేదూ? 2008లో, అంటే బొమ్మలు వచ్చిన ఏడేళ్లకు, కథలో అసలు రహస్యం విప్పారు. పిల్లలు అన్నాళ్లూ దీవి అనుకున్నది పడిపోయి నిద్రపోతున్న ఒక మహాకాయుడి ముఖం మీద పేరుకున్న నేల. వీరులంతా ఆయన్ని మేల్కొలపడానికి వచ్చినవాళ్లు. ఒక మనిషి తన జబ్బుతో చేసిన యుద్ధాన్ని లక్షల మంది పిల్లల చేతుల్లో పెట్టాడు. వాళ్లకు ఆ సంగతి తెలియకుండానే ఏడేళ్లు దానితో ఆడుకున్నారు. "అది తెలిసిన రోజు నాకు పదిహేనేళ్లు. రూమ్‌లోకెళ్లి ఈ పెట్టె తీసి, ఆ నాలుగు చేతులవాణ్ణి తప్ప అన్నీ మళ్లీ కట్టాను, మావయ్యా" అన్నాడు మా వాడు.

2003లో లెగో భారీ నష్టాల్లో ఉన్నప్పుడు కంపెనీని నిలబెట్టిన సరుకుల్లో బయోనికల్ కూడా ఒకటి. 2010లో ఆపేశారు. 2015లో మళ్లీ తెచ్చి, మరుసటి ఏడాదే మళ్లీ ఆపారు. ఇప్పుడు కావాలంటే పాతవి అమ్మేవాళ్ల దగ్గర వెతుక్కోవాల్సిందే.

పొద్దున్నే లేచేసరికి నా సూట్‌కేసులో చొక్కాల మధ్య నీలం రంగు మాకు కూర్చుని ఉంది. "నువ్వు తీసుకెళ్లు. నాకు టాహు చాలు" అన్నాడు మేనల్లుడు. చెప్పుల పెట్టె వాడి కారు ముందు సీట్లో ఉంది, బెల్టు పెట్టి మరీ.

అమెరికాలో పిల్లల్ని పెంచిన మన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ఒక మాట. మీ గరాజ్‌లోనో అటక మీదో ఇలాంటి పెట్టె ఉంటే వాళ్లని అడక్కుండా ఎవరికీ ఇచ్చెయ్యకండి. ఫోన్ చేసి పిలవండి. వాళ్లు వచ్చాక గదిలో లైట్లు ఆర్పి, ఒక్క దీపం ఉంచి, ఆ బొమ్మ తలని దాని కింద పెట్టి చూడండి.