తడి రక్తం చెప్పిన అబద్ధం

డొరోతీ సేయర్స్ 1932లో రాసిన ‘హావ్ హిజ్ కార్కస్’ నవలలో సముద్రపు ఒడ్డున బండ మీద గొంతు తెగిన శవం కథానాయిక హేరియట్ వేన్ కంటపడుతుంది. రక్తం ఇంకా గడ్డకట్టలేదు. పోటు వస్తే శవం కొట్టుకుపోతుంది, అందుకే ఆమె ఫొటోలు తీస్తుంది. నా దృష్టిలో ఈ నవల బలం హంతకుడెవరన్న ప్రశ్నలో లేదు, చావు ఏ వేళకు జరిగిందో తేల్చడంలో ఉంది. రక్తం తడిగా ఉంటే ఇప్పుడే చనిపోయాడనుకుంటాం. ఆ నమ్మకమే దర్యాప్తును దారి తప్పిస్తుంది. రక్తం గడ్డకట్టకపోవడానికి అసలు కారణం మృతుడి ఒంట్లోనే ఉంది.

కథను మరీ సాగదీశారంటారు కొందరు. సంకేతలిపి విప్పే అధ్యాయం విషయంలో అది నిజమే. కానీ ఒక్కొక్కరి వాంగ్మూలాన్నీ గడియారంతో పోల్చి చూసే ఓపిక లేకపోతే ఈ కేసు తేలదు. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలల వేగానికి అలవాటుపడ్డ మనకు ఈ నిదానం కూడా కావాలి. హైదరాబాద్ బోరబండలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కే మిత్రులారా, రోజుకు ఒక అధ్యాయం చొప్పున చదవండి.