మెస్త్రేలో దిగిపోకు వదినా

వదినా, ఓసారి గోడ దగ్గరికి రా. మేలో ప్రయాణమైతే ఇప్పట్నించే పెట్టెలు సర్దుతున్నావని మీ కోడలు చెప్పింది. మిలాన్‌లో కూతురింట్లో దిగుతారు కాబట్టి అక్కడ మీకేమీ ఇబ్బంది ఉండదు. ఆ తర్వాత మిమ్మల్నిద్దర్నీ వెనిస్ చూసి రమ్మని అల్లుడు రైలెక్కిస్తాడట కదా! నేను చెప్పాల్సిందంతా ఆ వెనిస్ గురించే. పొయ్యి మీద పాలుంటే కట్టేసి రా, కాసేపు పడుతుంది.

ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకో. మెస్త్రేలో దిగిపోకు. మనకి నర్సీపట్నం రోడ్డు స్టేషనుంది చూడు, బోర్డు మీద నర్సీపట్నం అని ఉంటుంది, తీరా దిగాక ఊరు చేరడానికి మళ్ళీ బస్సో ఆటోనో వెతుక్కోవాలి. కొత్తవాళ్ళు అక్కడ దిగి ఊరేదండీ అని అడగడం మనం చూస్తూనే ఉన్నాం. వెనిస్‌దీ అదే కథ. రైలు ముందు వెనెజియా మెస్త్రేలో ఆగుతుంది. పేరులో వెనెజియా కనబడగానే జనం సామాను దింపేస్తారు. అది నేల మీద ఊరు, కార్లూ బస్సులూ తిరిగే మామూలు ఊరు. నీళ్ళలో ఉన్న వెనిస్‌కి ఇంకాస్త ముందుకెళ్ళి వెనెజియా శాంతా లూచియాలో దిగాలి. రెంటికీ మధ్య ఉప్పునీటి సరస్సు, దాని మీద దాదాపు నాలుగు కిలోమీటర్ల వంతెన. రైలు వంతెన 1846లో కట్టారు, పక్కనే మోటార్ల దారి 1933లో వచ్చింది. రైలు ఆ వంతెన ఎక్కితే రెండు కిటికీల్లోనూ నీళ్ళే. ఆ నీళ్ళు దాటేదాకా సీట్లోంచి లేవకు.

మేం వెళ్ళినప్పుడు మాతో వచ్చిన అనకాపల్లి దంపతులు ముందు రైల్లో వెళ్ళి మెస్త్రేలోనే దిగిపోయారు. ఫోనుకి సిగ్నల్ లేదు, చేతిలో అడ్రసు లేదు. మేమేమో శాంతా లూచియా మెట్ల మీద నిలబడి వచ్చిన ప్రతి రైలూ చూస్తున్నాం. ఆవిడ అప్పటికే బీపీ మనిషి. చివరికి ఒక బంగ్లాదేశ్ కుర్రాడు హిందీలో పలకరించి, విషయం కనుక్కుని, పక్క ప్లాట్‌ఫారం దాకా నడిపించి రైలెక్కించాడు. మెస్త్రేలో బంగ్లాదేశ్ వాళ్ళు చాలామంది ఉన్నారు, ఓడలు కట్టే పనుల్లో కుదిరినవాళ్ళు. అందుకే చెప్తున్నాను, అన్నయ్య హిందీ మర్చిపోయానంటే ఊరుకోకు, అక్కడ అది అక్కరకొస్తుంది.

ఇక సామాను. స్టేషను గుమ్మం దాటితే ఎదురుగా పెద్ద కాలవ. ఆటో ఉండదు, టాక్సీ అంటే పడవే. ఊరంతా కలిపి నాలుగు వందలకి పైగా వంతెనలు, దాదాపు అన్నిటికీ మెట్లు. చక్రాల పెట్టె మెట్ల మీద ఏం దొర్లుతుంది చెప్పు? ఎత్తి మొయ్యాల్సిందే. పెద్ద పెట్టెలు మిలాన్‌లోనే ఉంచేసి భుజానికి తగిలించుకునే సంచీ ఒక్కటి తీసుకెళ్ళండి. స్టేషనుకి దగ్గర్లో 2008లో తెరిచిన కొత్త వంతెన ఒకటుంది, మెట్లలో గాజు పలకలు వేశారు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, తడిస్తే కాలు నిలవదు. ఎంతమంది జారిపడ్డారో, ఆ గాజు తీసేసి రాయి వెయ్యాలని 2022లో ఆ ఊరివాళ్ళే నిర్ణయించుకున్నారు. మాతో వచ్చిన పెద్దాయన అక్కడే జారి మోచెయ్యి కొట్టుకున్నారు. ఆ వంతెన ఎక్కాల్సి వస్తే రాతి భాగం మీదే అడుగెయ్యి. నీ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు.

ఊళ్ళో తిరగడానికి వాపొరెత్తో అని పడవ బస్సు ఉంటుంది. ఒకటో నంబరు ఎక్కితే పెద్ద కాలవ పొడుగునా దాదాపు ప్రతి రేవులోనూ ఆగుతూ శాన్ మార్కో మైదానం దాకా తీసుకెళ్తుంది. ఊరు చూడాలంటే అదొక్కటే చాలంటాను నేను. 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు, మన డబ్బుల్లో తొమ్మిది వందల పైమాటే. అంత పెట్టి కొన్న టికెట్ పర్సులో దాచేస్తే లాభం లేదు వదినా, ఎక్కేముందు రేవులో ఉన్న యంత్రానికి ఆనించాలి. అది కూత వేస్తేనే టికెట్ చెల్లినట్టు. రాజమండ్రి నుంచి వచ్చిన ఒకావిడ అందరికీ టికెట్లు కొని, భద్రంగా రుమాల్లో చుట్టి పెట్టింది. తనిఖీవాళ్ళు వచ్చి జరిమానా అన్నారు. డబ్బిచ్చి కొన్నాం కదా అని ఆవిడ టికెట్లన్నీ పరిచి చూపించింది. వాళ్ళ లెక్కలో ఆనించని టికెట్ లేనట్టే. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు ఇప్పటికీ బాధే. ఆవిడ మోసం చేసే మనిషి కాదు, ఆ ఊరి పద్ధతి ముందు ఎవరో ఒకరు చెప్పి ఉంటే సరిపోయేది.

గొండోలా ఎక్కాలని నీకు ఉంటుంది, ఎక్కు. పగటిపూట అరగంటకి 90 యూరోలని ఊరివాళ్ళు కట్టిన ధర. అది పడవకి, మనిషికి కాదు. ఐదుగురు కూర్చోవచ్చు. మీరిద్దరే అయితే ఇంకెవరైనా మనవాళ్ళు కనబడితే కలుపుకోండి. అంత ఖర్చెందుకు అనుకుంటే త్రగెత్తో అని పెద్ద కాలవని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దాటించే పడవ ఉంటుంది, రెండు యూరోలు. అదీ గొండోలా లాంటిదే, తెడ్డు వేసే మనుషులు మాత్రం ఇద్దరుంటారు.

తిండి దగ్గర జాగ్రత్త. నువ్వు చేప కూడా ముట్టవు. "సెంజా కార్నే" అంటే మాంసం లేకుండా అని. చేపని మాంసం కింద లెక్కెయ్యనివాళ్ళుంటారు, అందుకని "సెంజా పేషే" అని కూడా అను. బిగోలి ఇన్ సాల్సా అని వాళ్ళకో ఇష్టమైన వంట, లావుపాటి సేమ్యాలా ఉంటుంది. పైకి ఉల్లిపాయ వేయించి కలిపినట్టే కనబడుతుంది. కానీ ఆ ఉల్లిపాయలో ఉప్పు చేపలు కరిగిపోయి ఉంటాయి. మాతో వచ్చినవాళ్ళలో ఒకావిడ సగం పళ్ళెం తిన్నాక తెలిసి, ఆ రోజంతా మంచినీళ్ళతో గడిపింది. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కుర్చీలో కూర్చుంటే ఇంకో ధర. శాన్ మార్కో మైదానంలో పాత కాఫీ హోటళ్ళలో వాయిద్యాలు వాయిస్తుంటారు, ఆ పాటకీ బిల్లులో డబ్బు పడుతుంది. వినాలనుంటే మైదానంలో నిలబడి విను, దానికేమీ ఇవ్వక్కర్లేదు. తాగే నీళ్ళు కొనకు. వీధి కుళాయి నీళ్ళు మంచివే, సీసా పట్టుకెళ్ళు.

పులిహోర కట్టుకెళ్తావని నాకు తెలుసు. కట్టుకో, కానీ శాన్ మార్కో మెట్ల మీద డబ్బా విప్పకు. అక్కడ కూర్చుని తినకూడదు, జరిమానా వేస్తారు. పావురాలకి గింజలు వెయ్యడం కూడా 2008 నుంచి నిషేధం. వాటికన్నా సముద్రపు కాకులతో జాగ్రత్త. ఒకటి రెక్కలు చాచి మా తోటికోడలి భుజం మీంచి వచ్చి చేతిలో చపాతీ చుట్ట ఎత్తుకుపోయింది. వేలికి గోరు గీరుకుని రక్తం కూడా వచ్చింది. చర్చిలోకి వెళ్ళాలంటే భుజాలూ మోకాళ్ళూ కప్పి ఉండాలి. నీకు చీర ఉంది, ఏ ఇబ్బందీ లేదు. అన్నయ్యకి ఆ పొట్టి నిక్కర్లు వద్దని చెప్పు.

దారి తప్పడం మాత్రం తప్పదు. ఆ ఊళ్ళో ఇళ్ళ నంబర్లు వీధుల వారీగా ఉండవు. ఊరిని ఆరు పేటలు చేసి, పేట మొత్తానికి ఒకటే వరస పెట్టారు. కాస్తెల్లో పేటలో ఆరు వేలు దాటిన నంబర్లున్నాయి. సందులు ఎంత ఇరుకంటే ఫోనులో మ్యాపు కూడా తికమకపడుతుంది. గోడల మీద పసుపు రంగు పలకలు చూడు, "పెర్ రియాల్తో" అంటే రియాల్తో వంతెన వైపని, "పెర్ శాన్ మార్కో" అంటే శాన్ మార్కో వైపని. హోటల్ పేరు, పేట పేరు, దగ్గర్లో ఉన్న పడవ రేవు పేరు కాగితం మీద రాసి నీ పర్సులో ఒకటి, అన్నయ్య చొక్కా జేబులో ఒకటి పెట్టు.

మీరు వెళ్ళేది మేలో కాబట్టి నీళ్ళ బాధ మీకు అంతగా ఉండదు. మేం వెళ్ళింది నవంబరులో. పొద్దున లేచేసరికి శాన్ మార్కో మైదానంలో చీలమండ దాకా నీళ్ళు, బల్లలు వరసగా వేసి జనాన్ని వాటి మీద నడిపిస్తున్నారు. 1966లో సముద్రపు పోటు 194 సెంటీమీటర్లు, 2019 నవంబరులో 187 సెంటీమీటర్లు వచ్చింది. ఆ ఉప్పునీటి సరస్సు సముద్రంలో కలిసేచోట్ల 78 గేట్లు కట్టి 2020 అక్టోబరులో మొదటిసారి లేపారు, అప్పట్నించి పెద్ద వరదలు చాలావరకు ఆగాయి. చిన్నపాటి పోటుకి అవి లేపరు, ఆ మైదానమేమో బాగా పల్లం.

నాకు అక్కడ అన్నిటికన్నా నచ్చింది ఏమిటో చెప్పనా? రియాల్తో దగ్గర ఒక చిన్న వాకిలి, కోర్తె దెల్ మిలియోన్ అంటారు. మార్కో పోలో వాళ్ళ ఇల్లు ఉండేది అక్కడే. ఆయన మన తీరం సంగతి రాసినవాడు వదినా! రుద్రమదేవి కాలంలో మన మోటుపల్లి రేవు గురించి చెప్పాడు. రాణి న్యాయంగా ఏలుతుందనీ, అక్కడి బట్ట సాలెగూడంత సన్నమనీ చెప్పాడు. వజ్రాల లోయలో మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు అంటుకుని గద్దలు పైకి తెస్తాయని కూడా చెప్పాడు. ఆ వాకిట్లో నిలబడి మా ఆయనకి ఇదంతా చెప్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

అదే మోటుపల్లిలో రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు 1244లో శాసనం వేయించాడు. అంతకుముందు గాలివానకి ఓడ చెడి ఒడ్డుకి కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాగేసుకునేవారట. ఇకమీదట అలా జరగదు, కట్టాల్సిన సుంకం ఇంత, మిగతాదంతా మీదేనని రాతి మీద చెక్కించి రేవులో నిలబెట్టాడు. పరాయి ఊరొచ్చినవాడికి ఆ ఊరి లెక్క ముందే చెప్పడం ఎంత పెద్ద మర్యాదో అనకాపల్లి దంపతుల్నీ, రాజమండ్రి ఆవిడనీ చూశాక నాకు బాగా అర్థమైంది. మన దగ్గరికీ జనం వస్తున్నారుగా. అల్లూరి సమాధి చూడాలని కృష్ణదేవిపేట వెళ్ళేవాళ్ళు మనల్ని దారి అడుగుతారు. చలికాలం లంబసింగి మంచు కోసం రాత్రికి రాత్రే నర్సీపట్నం మీదుగా కార్లు ఎక్కుతాయి. మరుగుదొడ్డి ఎక్కడుందో, చెత్త ఎక్కడ వెయ్యాలో, మలుపు ఎక్కడ ప్రమాదమో చెప్పే బోర్డులు దారి పొడుగునా ఉండాలంటాను. ఈసారి పంచాయతీ వాళ్ళు కలిస్తే అడగాలి, నువ్వూ తోడు రా.

వెనిస్‌వాళ్ళ బాధ ఇంకా పెద్దది. 1951లో ఆ పాత ఊళ్ళో లక్షా డెబ్భై వేలకి పైగా మనుషులుండేవారు, 2022కి యాభై వేల లోపుకి పడిపోయారు. ఇళ్ళన్నీ యాత్రికుల బసలైపోయాయి. అందుకే పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళ మీద 2024 ఏప్రిల్ 25 నుంచి రుసుము పెట్టారు, కొన్ని ఎంచిన రోజుల్లో ఐదు యూరోలు. 2025లో ఆఖరి రోజుల్లో కట్టేవాళ్ళకి దాన్ని పది చేశారు. నా మటుకు నాకు అది తప్పనిపించలేదు.

ఊళ్ళో రాత్రి బస చేసేవాళ్ళకి ఆ రుసుము లేదు. కానీ లేదని చెప్పే కోడు ముందే తీసుకుని ఫోనులో ఉంచుకోవాలి, అడిగినప్పుడు చూపించాలి. మీ తేదీలు ఆ రోజుల్లో పడ్డాయేమో అల్లుడిచేత చూపించి, కోడు ఇప్పుడే తీయించు. అక్కడింకా మధ్యాహ్నమే, భోజనాల వేళకి ఫోను ఎత్తుతాడు.