తోకలో కత్తి గల పొరుగువారు

మూడవనాడు తెల్లవారుజామున దీపం వేసి చూసేసరికి గీతల టాంగ్ చేప తొట్టె మూలలో, నీటి పంపు వెనుక, ఒక పక్కకు ఒరిగి ఉన్నది. రెక్కలు పీలికలయ్యాయి. ఒంటిమీద గోటితో గీరినట్లు సన్నని తెల్లని గాట్లు. దానిని ఆ స్థితికి తెచ్చిన పౌడర్ బ్లూ టాంగ్ మాత్రం ఏమీ ఎరగనట్లు తొట్టె నడుమ తిరుగుతున్నది. లేత నీలపు దేహం, నల్లని ముఖం, తెల్లని రొమ్ము, వెన్నుమీద పసుపుపచ్చని రెక్క. హిందూ మహాసముద్రంలో ఇంతకంటె అందమైన చేప మరొకటి ఉన్నదంటే దానిని చూసినవారు ఒక పట్టాన ఒప్పుకోరు. మరి పది రోజులకు దాని ఒంటిమీద కూడా ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు లేచాయి. నెల తిరగకముందే ఆ తొట్టెలో ఒక్క చేప అయినా మిగలలేదు.

చెన్నైలో స్థిరపడిన ఆ తెలుగు పెద్దమనిషి బ్యాంకు ఉద్యోగం విరమించి అప్పటికి ఏడాది. అంతకు ముందు ముప్పై ఏళ్ళు మంచినీటి చేపలు పెంచిన అనుభవం ఉన్నది గదా అన్న ధీమాతో ఉప్పునీటి చేపలలోకి దిగాడు. ఐదడుగుల తొట్టె ఇరుకు కావడం వల్లనే ఈ అనర్థం జరిగిందనీ, ఎనిమిది అడుగులది కట్టిస్తే అన్నీ సర్దుకుంటాయనీ ఆయన తేల్చుకున్నాడు. భార్యకు ఈ లెక్క నచ్చలేదు.

“ఏమండీ, మన వేడుక కోసం సముద్రంలో బతికేవాటిని తెచ్చి చంపుతున్నాం. పెద్ద తొట్టె కట్టిస్తే కట్టించండి. ఈసారి మీ తప్పువల్ల ఒక్కటి చచ్చినా ఆ తొట్టె ఈ ఇంట్లో ఉండడానికి వీల్లేదు,” అన్నది.

ఆమె మాటలో అతిశయోక్తి లేదు. మంచినీటి అలంకార చేపలలో అధికభాగం చెరువులలో పెంచినవి. టాంగ్ చేపలు అట్లా కాదు. పసుపుపచ్చని యెల్లో టాంగ్‌ను గుడ్డు దశ నుంచి పెంచి పెద్దచేయడం హవాయిలో 2015లో గాని సాధ్యపడలేదు. బ్లూ టాంగ్ విషయంలో ఆ విజయం ఫ్లోరిడా పరిశోధకులకు 2016లో దక్కింది. ఈనాటికీ అంగళ్ళకు వచ్చే టాంగ్ జాతులలో ఎక్కువ భాగం పగడపు దిబ్బలమీద వలవేసి పట్టినవే. ఇంకొక సంగతి. ఇవి అల్పాయువు గల ప్రాణులు కావు. హవాయి సముద్రంలో నలభై ఏళ్ళు దాటిన యెల్లో టాంగ్‌లను శాస్త్రజ్ఞులు గుర్తించారు. అరవై దాటిన మనిషి ఒక టాంగ్ పిల్లను ఇంటికి తెచ్చుకున్నాడంటే, సక్రమంగా సాకిన పక్షంలో అది ఆయన తరువాత కూడా ఉండవచ్చు. ఆ లెక్కన మూడు రోజులలో చచ్చిన చేప ఎన్ని ఏళ్ళు పోగొట్టుకున్నట్లు?

టాంగ్‌లకు ఇంగ్లీషులో సర్జన్ ఫిష్ అనే పేరు కూడా ఉన్నది. తోక మొదట ఇరువైపులా శస్త్రవైద్యుని కత్తి వంటి ముల్లు ఉండడమే ఆ పేరుకు కారణం. చాలా జాతులలో అది చాకు మడిచినట్లు ఒక గాడిలో ఒదిగి ఉంటుంది. కోపం వచ్చినప్పుడు చేప ఎదుటివాని పక్కకు చేరి, తోకను ఒక్క విసురు విసురుతుంది. కరవడం, తరమడం అన్నీ తరువాతి మాటలు. తొట్టెలో చెయ్యి పెట్టిన యజమానికి సైతం ఆ కత్తి దెబ్బ తగలడం కద్దు.

కత్తి ఉన్నంత మాత్రాన నిష్కారణంగా కలహిస్తుందా? ఇక్కడే ఆయన పొరపడ్డాడు. చేపలు చోటు కోసం పోట్లాడుకుంటాయని అనుకున్నాడు. నిజానికి వాటి తగాదా మేత గురించి. పగడపు దిబ్బమీద రాళ్ళకు పచ్చిక వలె పెరిగే నాచే టాంగ్‌లకు ఆహారం. అందులో బలం తక్కువ గనుక పొద్దస్తమానం మేస్తూనే ఉండాలి. అందువల్ల మంచి నాచు పెరిగే రాతిపలకను కొన్ని జాతులు సొంత పొలం వలె కాపాడుకుంటాయి. హిందూ మహాసముద్రంలోని అల్డాబ్రా దీవి వద్ద జరిపిన ఒక అధ్యయనం 1979లో వెలువడింది. గీతల టాంగ్, పౌడర్ బ్లూ టాంగ్, గోధుమరంగు స్కోపాస్ టాంగ్, ఈ మూడూ తమ తమ మేత భూములను కాపాడుకుంటాయని అది వివరించింది. ఖైదీ చారల వంటి నల్లగీతలు గల కన్విక్ట్ టాంగ్‌ల పద్ధతి వేరు. వాటికి సొంత పొలం కాపాడుకొనే బలం లేదు. వందలాదిగా గుంపు కట్టి వచ్చి పరుల పొలంమీద పడతాయి. కాపలా చేప ఒకదానిని తరుముతుండగా తక్కినవి మేసి పోతాయి. మన పల్లెల్లో గొర్రెల మంద చేలో పడిన దృశ్యం చూసినవారికి ఇది కొత్త కాదు.

కనుక టాంగ్‌కు అసలు శత్రువు తనవలె ఉన్నవాడే. అదే ఆకారం, అదే నోరు, అదే మేత గల చేప కనబడితే తన పొలంలోకి దొంగ వచ్చినట్లు అది భావిస్తుంది. నోటి తీరు వేరుగా ఉన్న చేప పక్కనుంచి పోయినా సాధారణంగా పట్టించుకోదు. ఆయన మొదటిసారి చేసిన పని, దిబ్బమీద కూడా పొలం గట్టు తగాదా గల రెండు జాతులను తెచ్చి ఐదడుగుల గాజుపెట్టెలో కాపురం పెట్టించడం. ఎనిమిది కాదు, పదహారు అడుగులున్నా ఆ కాపురం కుదురుతుందని హామీ ఇవ్వలేము.

కొత్త తొట్టె పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పూ ఎత్తూ రెండున్నర. సుమారు 1,400 లీటర్ల నీరు. పాత రాళ్ళే అందులో పేర్చాడు. అయితే చేపలను వెంటనే వేయలేదు. పౌడర్ బ్లూను బలిగొన్న తెల్లచుక్కల వ్యాధికి కారణం క్రిప్టోకారియాన్ అనే ఏకకణ జీవి. అది కొన్నాళ్ళు చేప చర్మంలో పెరిగి రాలిపోతుంది. రాతికో ఇసుకకో అంటుకొని గూడు కడుతుంది. గూడు పగిలి వెలువడిన పిల్లలకు ఒకటి రెండు రోజులలో చేప దొరకాలి. లేకపోతే నశిస్తాయి. కొన్ని గూళ్ళు వారాల తరబడి పగలవు కనుక, చేపలే లేకుండా 76 రోజులు తొట్టెను ఖాళీగా ఉంచడం అనుభవజ్ఞుల పద్ధతి. ఆ రెండున్నర నెలలూ ఇంటికి వచ్చిన చుట్టాలందరూ వట్టి నీళ్ళు, రాళ్ళు గల గాజుపెట్టెను చూసి, చేపలేవని అడిగేవారు. సమాధానం చెప్పే బాధ్యత ఇల్లాలిమీద పడింది.

ఈ వ్యవధిలో ఆయన కాగితంమీద జాతుల పేర్లు రాసి ఒక్కొక్కటే కొట్టివేశాడు. గీతల టాంగ్, ఎర్రసముద్రపు సోహల్ టాంగ్ మొదటి రోజే పోయాయి. ఈ రెండూ దౌర్జన్యానికి పేరుమోసినవి. నేసో జాతి చేపలు సాధువులే గాని అడుగున్నర వరకు పెరిగి, దూరదూరాలు ఈదుతాయి. వాటికి ఎనిమిది అడుగులంటే వసారాలో గుర్రాన్ని కట్టినట్లే. పౌడర్ బ్లూ పేరు వద్ద కలం చాలాసేపు ఆగింది. కొందరి తొట్టెలలో అది ఏళ్ళ తరబడి క్షేమంగా ఉన్న మాట నిజం. కాని తెల్లచుక్కల వ్యాధి అందరికంటె ముందు దానికే సోకుతుంది. పైగా తన వర్గపు చేపలను సహించదు. ఆ పేరు చుట్టూ సున్న చుట్టి, కొట్టివేయకుండానే వదిలాడు.

యెల్లో టాంగ్, సెయిల్‌ఫిన్ టాంగ్ రెండూ కావాలని ఆయన కోరిక. రెండూ జీబ్రాసోమా వర్గానివే. పళ్ళెం వంటి ఒళ్ళు, పొడుచుకు వచ్చిన మూతి. రెండింటినీ వేస్తే మళ్ళీ పాత కథే. ఒక దానిని వదులుకోవాలి.

“ఆ పచ్చది ఎక్కడిది?” అని అడిగింది భార్య.

“హవాయిది.”

“రెండోది?”

“మన సముద్రానిదే. హిందూ మహాసముద్రపు చేప.”

“మనదాన్ని వదిలి అంత దూరందాన్ని తేవడం ఎందుకండీ?”

ఇది శాస్త్రీయమైన వాదం కాదు గాని, దారి ఖర్చులను, దారిలో చేప పడే అవస్థను తలచుకుంటే తీసివేయదగినదీ కాదు. సెయిల్‌ఫిన్ నిలిచింది.

చివరకు కాగితంమీద మూడు పేర్లు మిగిలాయి. మొదటిది హిందూ మహాసముద్రపు టీనోకీటస్. ఒళ్ళంతా సన్నని చుక్కలు, కంటిచుట్టూ బంగారు వలయం. దాని పళ్ళు దువ్వెన పళ్ళ వంటివి. రాతిమీద పేరుకొన్న మడ్డిని, సూక్ష్మమైన నాచును దువ్వుకొని తింటుంది. రెండవది బ్లూ టాంగ్. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ చలనచిత్రం ద్వారా దీనిని ఎరగని పిల్లలు లేరు. హైదరాబాదులోని మనుమరాలు ఈ ఒక్కటీ ఉండి తీరాలన్నది. రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు అమ్ముతారు గాని, అది అడుగు వరకు పెరుగుతుంది. నీటిలో తేలే సూక్ష్మజీవులు దాని ముఖ్యాహారం. మూడవది సెయిల్‌ఫిన్. మూతితో రాళ్ళ సందులలోని ఆకునాచును కోసుకు తింటుంది. ముగ్గురివీ మూడు వృత్తులు, మూడు ఆకారాలు, మూడు వర్గాలు.

కొళత్తూరు అలంకార చేపలకు ప్రసిద్ధమైన బజారు. అక్కడ ఆయన ఈసారి రంగు చూడలేదు, పొట్ట చూశాడు. రాకపోకలలో పస్తులున్న టాంగ్‌కు పొట్ట లోపలికి అతుక్కుపోయి, వెన్నుపక్క కండ కరిగి ఉంటుంది. అంగడివాడు ఎదుట మేత వేసి, చేప తిన్నాకనే డబ్బు చెల్లించాడు. ప్రతి చేపను విడి తొట్టెలో నెలపైగా ఉంచి, రోగం లేదని నిర్ధారించుకున్న తరువాతనే పెద్ద తొట్టెలోకి వదిలాడు. ప్రవేశించే వరుస కూడా ముఖ్యమే. సాధువు ముందు, గడుసరి చివర. ముందు వచ్చినవాడిదే ఇల్లు అన్న న్యాయం చేపలలోనూ ఉన్నది.

టీనోకీటస్ సులభంగా కుదురుకుంది. బ్లూ టాంగ్ వచ్చిన మొదటి రాత్రి రాతి సందులో దూరి పక్కకు వాలి కదలకుండా పడి ఉన్నది. చచ్చిందనుకొని ఆయన గుండె జారిపోయింది. ఆ జాతికి అట్లా పడుకోవడం అలవాటని ఉదయం అది ఈదుతూ కనబడేదాకా జ్ఞాపకం రాలేదు.

గండం సెయిల్‌ఫిన్‌తో వచ్చింది. చిల్లులు గల పారదర్శకమైన పెట్టెలో నాలుగు రోజులు తొట్టెలోనే ఉంచి, అందరూ చూసి అలవాటు పడ్డాక, దీపాలు ఆర్పి, రాళ్ళు కొంత మార్చి వదిలాడు. అయినా మరునాడు, అందరికంటె సాధువు అనుకున్న టీనోకీటస్ దాని పక్కన చేరి తోక ఆడించింది. మధ్యాహ్నానికి సెయిల్‌ఫిన్ పక్కటెముకమీద వేలెడు గాటు. ఆయన వల చేతిలో పట్టుకొని తొట్టె ముందు నిలబడిపోయాడు. వలతో తరిమితే మూడూ బెదిరి రాళ్ళకు కొట్టుకుంటాయి. వదిలేస్తే సాయంత్రానికి ఏమవుతుందో తెలియదు. పాత షరతు గుర్తు చేయకుండానే భార్య లోపలికి వెళ్ళి తన బొట్టు పెట్టుకునే అద్దం తెచ్చి ఇచ్చింది. అద్దం ఉపాయం ఆయనే ఎప్పుడో ఆమెకు చదివి వినిపించాడు. గాభరాలో మరచిపోయాడు.

అద్దాన్ని గాజుకు బయట ఆనించగానే టీనోకీటస్‌కు తనవంటి మరొక టీనోకీటస్ కనబడింది. అంతటితో సెయిల్‌ఫిన్ ఊసు మరచి, రోజంతా ఆ గాజులోని శత్రువుకే కత్తి చూపింది. తొట్టె రెండు చివరలా నాచు రేకులు క్లిప్పులతో వేలాడదీశారు, ఒకరి మేతకు మరొకరు అడ్డం రాకుండా. మూడు రోజులు గడిచాయి. గాటు మానింది. నాలుగవనాడు అద్దం తీసివేసినా టీనోకీటస్ ఆ మూలకే వెళ్ళి కాసేపు వెతికింది. ఇల్లాలు ఆ మూడు రోజులూ గోడ గడియారం గాజులో చూసుకొని బొట్టు పెట్టుకున్నది.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం కొళత్తూరు అంగడివాడు ఫోను చేశాడు. పౌడర్ బ్లూ వచ్చింది సార్, పొట్ట నిండుగా ఉంది, చేతిలోంచి తింటోంది అన్నాడు. ఆయన వెళ్ళాడు. గంటసేపు ఆ చేప ముందు నిలబడ్డాడు. అంగడివాడు సంచిలో నీళ్ళు నింపి సిద్ధంగా ఉంచాడు కూడా.

చీకటిపడి ఇల్లు చేరిన ఆయన చేతికేసి భార్య చూసింది.

“తేలేదేమండీ?”

“ఉన్నవాటికి మేత తెచ్చాను,” అని నాచు రేకుల పొట్లం విప్పి, ఒక రేకును రెండుగా చించి, చెరొక చివరా తగిలించాడు.