ఒక కంప్యూటరు జబ్బు – ఒక గుణపాఠం

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం మనకు కొత్త కాదు. వార్షిక సంచిక పనిలో మేము నలుగురం పొందిన అటువంటి అనుభవాన్ని తోటి విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

సిద్దిపేటలోని మా కళాశాలలో సంచిక పనికి ఉన్నది ఒకే కంప్యూటరు. తెలుగు పుటలను పేజ్‌మేకర్‌లోను, ఉర్దూ పుటలను ఇన్‌పేజ్‌లోను దానిపైనే కూర్చుతాము. నిరుడు అది తెరుచుకోవడానికి పది నిమిషాలు పట్టసాగింది. దుమ్ము దులిపాము. వైరస్ కోసం వెదికాము. అక్కరలేని ప్రోగ్రాములు తొలగించాము. మెమరీ కూడా పెంచాము. రెండు రోజులు కుదుటపడి మళ్ళీ మొదటికి వచ్చింది. టాస్క్ మేనేజరు తెరిచి చూడగా ప్రాసెసరుకు పని లేదు, మెమరీ సగం ఖాళీ. డిస్కు మాత్రం నూటికి నూరు పాళ్ళూ పనిలో మునిగి ఉంది. చెవి ఒగ్గితే లోపలి నుండి టక్కు టక్కుమనే శబ్దం.

హార్డు డిస్కులో నునుపైన పళ్ళేలు నిమిషానికి 5400 లేక 7200 మార్లు తిరుగుతాయి. చదివే భాగం వాటిని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా తక్కువ ఎత్తులో తేలుతుంది. పళ్ళెం ఒకచోట చెడితే డిస్కు ఆ చోటునే మళ్ళీ మళ్ళీ చదవబోతుంది. మనం మందకొడితనమని విసుక్కొనేది దాని పెనుగులాటనే. చెడిన చోట్ల లెక్కను డిస్కు స్మార్ట్ అనే పట్టికలో తానే వ్రాసుకుంటుంది. ఆ పట్టికను మేము చూడనే లేదు.

పైగా నకలు తీయకుండానే, డిస్కును సరిచేసే ప్రోగ్రామును రాత్రంతా నడవనిచ్చి ఇళ్ళకు వెళ్ళాము. రోగిని రాత్రంతా పరుగెత్తించడం వంటి పని అది. తెల్లవారి కంప్యూటరు తెరుచుకోలేదు.

ప్రయోగశాల సహాయకులు మమ్మల్ని వారించి, డిస్కును ఊడదీసి లినక్సు ఉన్న మరో యంత్రానికి తగిలించారు. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో తేలికగా చదవగల భాగాలను ముందు, మొండికేసిన భాగాలను తరువాత కొత్త డిస్కుపైకి తీశారు. తెలుగు పుటలన్నీ దక్కాయి. ఉర్దూలో ఒక్క వ్యాసం మాత్రం తెరుచుకోలేదు.

అది విశ్రాంత ఉర్దూ అధ్యాపకులు తన బాల్యపు సిద్దిపేటను గురించి వ్రాసి ఇచ్చినది. కూర్పు ముగిసిందని ఆయన చేతివ్రాత కాగితాలను మేమే చెత్తలో వేశాము. తలలు వంచుకొని ఆయన ఇంటికి వెళ్ళాము. ఆయన కోపగించలేదు. “కూర్చోండి బేటా, మళ్ళీ చెబుతాను, వ్రాసుకోండి” అన్నారు. మూడు సాయంత్రాలు చెప్పారు. కోమటి చెరువు గట్టు మళ్ళీ వచ్చింది. కాని మొదటి వ్రాతలో వరుసగా ఉన్న బాల్యమిత్రుల పేర్లలో కొన్ని ఆయనకు గుర్తు రాలేదు. మాకూ గుర్తు లేవు.

నేడు మా వద్ద ప్రతి రచనకు మూడు ప్రతులు ఉన్నాయి: ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి డిస్కులో, ఒకటి కళాశాల వెలుపల. చేతివ్రాత కాగితాలను గ్రంథాలయపు బీరువాలో దాస్తున్నాము.

డిస్కును ఎప్పుడైనా కొనవచ్చు. విద్యార్థి మిత్రులారా, మీ యంత్రం మందగించిన నాడు మరమ్మతుకు ముందే నకలు తీయండి. ఆ పేర్లను మేము పోగొట్టినట్లు మీరు దేనినీ పోగొట్టుకోరాదని మా కోరిక.