ఎండయు నీడయు

మాది హైదరాబాదు పాతబస్తీలోని శాలిబండ. సందు ఇరుకు, ఇరుప్రక్కల మేడలు. మిట్టమధ్యాహ్నము కొంతసేపు తప్ప మా వాకిట ఎండపొడ సోకదు. మా ఆడబిడ్డకు అప్పటికి ఇరువది నాలుగేండ్లు. పరీక్షకు చదువుకొనుచు గది విడిచి వెలుపలికి వచ్చెడిది కాదు.

ఆమెకు వేకువను లేచునప్పటికి చేతివ్రేళ్లు బిగిసి జడ వేసికొనుటయే కష్టమయ్యెను. జుట్టు రాలెను, నోట పుండ్లు పుట్టెను. పొరుగువారి మాటపై నెత్తురు పరీక్ష చేయింపగా విటమిన్ డి మిల్లీలీటరునకు 9 నానోగ్రాములే యని తేలెను. 20కి తగ్గినచో లోటని లెక్క. 'ఇంతేగదా! ఎండ లేక వచ్చిన జబ్బునకు ఎండయే మందు' అని మేము నిశ్చయించితిమి. వైద్యుని అడిగినవారము కాము. దినదినము పదునొకండు గంటలకు వడియములకు కావలి యను నెపమున ఆమెను మిద్దెపై కూర్చుండబెట్టితిమి. రథసప్తమినాడు జిల్లేడాకులతో స్నానము చేయించి, పరమాన్నము పొంగువఱకు ఎండలోనే నిలిపితిమి.

మూడవనాటికి ఆమె ముక్కు మీదుగా రెండు చెక్కిళ్లపై సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లు ఎఱ్ఱని దద్దు తేలెను. జ్వరము కాసెను, మోకాళ్లు వాచెను. అప్పుడు గాని ఆసుపత్రికి కొనిపోలేదు. నెత్తురును మూత్రమును పరీక్షించి, ఇది లూపసు అను వ్యాధి యనిరి. దేహమును కాపాడవలసిన రక్షకశక్తియే తన కీళ్లను, చర్మమును, మూత్రపిండములను శత్రువులుగా నెంచి బాధించునట! కంచెయే చేను మేసినట్లన్నమాట. ఈ వ్యాధి గలవారు పదుగురిలో తొమ్మండుగురు స్త్రీలే. అదియు పడుచుదనముననే తఱచుగా కనబడును. ఎండ దానిని రేపును. మేము మందని పోసినది నిప్పుపై నేయి యైనది.

ఆ రాత్రి మా అత్తగారును మేమును ఒకరి ముఖ మొకరము చూడలేకపోయితిమి. మాకు చిన్ననాడు నాన్నగారు చదివి చెప్పిన మార్కండేయ పురాణము జ్ఞప్తికి వచ్చెను. మారన దానిని తెనిగించెను. అందు సూర్యుని భార్య సంజ్ఞాదేవి పతి తేజమునకు తాళలేక, తన చోట ఛాయను నిలిపి వెడలిపోవును. అంతట విశ్వకర్మ సూర్యుని సానపట్టి ఆ తేజమును తగ్గించును. చిన్ననాడు అది కథయే. ఇప్పుడు మా యింటనే ఒక సంజ్ఞాదేవి దుప్పటిలో ముఖము దాచుకొని యుండెను.

మఱి ఎండ కూడదన్నచో ఆ విటమిన్ మాట యేమి? వైద్యురాలు ఓపికతో బోధించెను. చర్మమందలి యొక పదార్థము ఎండలోని అతినీలలోహిత కిరణములచే విటమిన్ డి యగును. పిదప అది కాలేయమునను మూత్రపిండములందును మార్పుచెందిన గాని పనిచేయదు. ఎముకలకు కాల్షియమును చేర్చుటయే కాక, రక్షకకణములను అదుపున నుంచుటలోను దానికి పాలు కలదు. లూపసు గలవారు ఎండకు దూరమగుదురు. కొందఱికి మూత్రపిండములు చెడును. స్టెరాయిడ్ మందులు ఎముకలను గుల్ల చేయును. కావున వారికి ఈ విటమిన్ మఱింత అవసరము. దానిని ఎండనుండి గాక మందుగా పుచ్చుకొనవలెను. విశ్వకర్మ సానపట్టిన తేజమే పొట్లములో నున్నదని మేము సమాధానపడితిమి.

ఈ లోటు రోగులకే కాదు. ఇంత యెండ కాయు మన దేశమునను ఆరోగ్యవంతులలో ఇది మెండుగా నున్నదని తిరుపతి ప్రాంతపు పరిశోధన 2007లో తెలిపెను. నీడపట్టు బ్రతుకు, మేను కప్పు వస్త్రములు, శాకాహారము కారణములు. గాజు కిటికీ ప్రక్కన కూర్చుండినను ఫలము లేదు. ఈ విటమినును పుట్టించు కిరణములు గాజును దాటవు. అమెరికాలో 25,871 మంది పెద్దలపై జరిపిన పరిశోధనలో, దినమునకు 2,000 యూనిట్లు అయిదేండ్లు పుచ్చుకొన్నవారికి ఇట్టి స్వదేహవైర వ్యాధులు నూటికి 22 వంతులు తక్కువగా వచ్చెనని 2022లో ప్రకటించిరి. అది వ్యాధి రాకముందటి మాట. వచ్చిన లూపసును ఈ విటమిన్ ఒక్కటియే మాన్పునని యెవరైన చెప్పినచో నమ్మరాదు.

మా ఆడబిడ్డకు అసలు మందు హైడ్రాక్సీక్లోరోక్విన్. అది మలేరియా మందుల జాతిలోనిది. ఆ జ్వరమునకు దోమ కారణమను గుట్టు 1897లో మన సికింద్రాబాదుననే రోనాల్డు రాసునకు తెలిసినది. ఆ మందు వాడువారు కన్నులు పరీక్షింపించుకొనుచుండవలెను. విటమిన్ డి వారమున కొక పొట్లము, 60,000 యూనిట్లు, వ్రాసియిచ్చిరి. 'దినమున కొకటి యిచ్చినచో వేగిరమే తేఱుకొనునేమో' అని అత్తగా రనిరి. వైద్యురాలు ఉలికిపడి, మితిమీరినచో నెత్తుట కాల్షియము పెరిగి మూత్రపిండములు చెడునని హెచ్చరించెను. ప్రేమకును కొలత యుండవలెనని ఆనాడు నేర్చితిమి.

ఒక తప్పు ఇంకను చెప్పవలసి యున్నది. పెండ్లి కావలసిన పిల్ల యని ఆరు మాసములు ఈ జబ్బు మాట బంధువులకు తెలియనీయలేదు. అది అంటువ్యాధి కాదు, పాపఫలమును కాదు. మేము దాచినందులకు ఆ పిల్ల తన్ను తాను దోషిగా నెంచి కుమిలినది. తుదకు ఆమెయే 'వదినా, నా జబ్బు కంటె మీ గుసగుసలే నాకు బరువు' అనెను. మఱునాడే అందఱకును చెప్పితిమి. వియ్యమునకు రాబోయినవా రొకరు వెనుదీసిరి. ఇంటివారి మనస్సులు మాత్రము తేలికపడెను.

ఇప్పుడామె పొద్దువాలిన పిదప గొడుగుతో వెలికి వచ్చును. ఉదయము జడ తానే వేసికొనును. కడచిన రథసప్తమికి పరమాన్నము మేము వాకిట వండితిమి. ఆమె వసారా నీడనుండి చేతులు మోడ్చెను. సూర్యునకు నమస్కారమే ప్రీతి యని పెద్దలందురు గదా! నీడనుండి చేసిన నమస్కారమును ఆయన త్రోసిపుచ్చడు.

సోదరీమణులారా! మీ యింటి పిల్లకు కీళ్ల బిగువును, ముఖమున దద్దును, మానని యలసటయు నున్నచో, మావలె మిద్దె మెట్లెక్కింపక ముందు వైద్యుని గడప నెక్కింపుడు.