దూప కొద్దీ బీరు

ఇది మీకూ అనుభవమే అయ్యుంటది. కారుల ఏసీ పెట్టుకొని పోయి తాగిన బీరుకు, చెమటలు కక్కి తాగిన బీరుకు పొంతనే ఉండదు. సీసా అదే, కంపెనీ అదే, ఫ్రిజ్జు కూడా అదే. తేడా అంతా మన గొంతుల ఉన్న దూపది. ఆ దూప తెచ్చుకోనీకె సైకిల్‌ను మించిన సాధనం నాకు ఇంతవరకు కండ్లవడలే.

మా లింగాలల చిన్నాయిన కొట్టంల ఒక పాత అట్లాస్ ఉండె. నేను కైంచి తొక్కుడు నేర్చుకున్నది దాని మీదనే. పంక్చరాయన దాన్ని సూసి, "గిప్పుడు దీనికి సామాను యాడ దొర్కుతది సారూ" అన్నడు. అన్న మాట నిజమే. అట్లాస్ వాళ్ల ఆఖరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడ్డది. ఆ తారీకు ప్రపంచ సైకిల్ దినమట, ఎవరు ముహూర్తం పెట్టిండ్రో! అయినా ఆయన చక్రాల బెండు తీసిండు, బేరింగులు కడిగి గ్రీజు పెట్టిండు, కొత్త వాలుట్యూబు ఎక్కించిండు. బెల్లు మాత్రం మోగలే. నోరు ఉన్నది గద అని ఊకున్న.

తోవ కూడా చెప్త. అప్పాయిపల్లి దిక్కు పోతే కుడిఎడమల పల్లి చేన్లు, ఎదురుంగ నల్లమల గుట్టలు. చైత్ర పున్నానికి సలేశ్వరం లింగమయ్య కాడికి కాలినడకన పోయేటోళ్లు ఈ దిక్కుకెల్లే అడవిల పడుతరు. శివరాత్రి పోయినంక సాయంత్రం పూట గాలి ఎదురొస్తే పెడలు రాయి లెక్క బరువైతది. మోటర్‌సైకిల్ మీద ఇక్కడ ఎత్తున్నదన్న సంగతే తెల్వది. సైకిల్ మీద ప్రతి ఎత్తూ పిక్కలకు ఎరుకైతది. దిగుడు వస్తే పెడల్ ఆపి, ఫ్రీవీల్ టకటక ఇనుకుంట పోవుడు... యాభై దాటిన మనిషి ఊకనే నవ్వుతుంటె సూసేటోళ్లు ఏమనుకుంటరో అనుకుంట.

సైకిల్‌కు, తాగుడుకు సుట్టరికం కొత్తదేం కాదు. మా దిక్కు గౌడన్నలు ఈతకల్లు తెచ్చేది సైకిల్ మీదనే. క్యారియర్‌కు రెండు దిక్కులా క్యాన్లు, మూతి కాడ కుక్కిన ఈతాకు, దాని సందులకెల్లి నురుగు బుసబుస. మూత గట్టిగ బిగించొద్దు. కల్లు లోపల ఇంకా పులుస్తనే ఉంటది, గ్యాసు పోనీకె తొవ్వ ఉండాలె. పొద్దున తియ్యగున్న కల్లు పగటాళ్లకు గుంజుతది.

మరి కల్లే తాగొచ్చు గద అంటరేమో. చెట్టుకింద, అప్పుడే దించింది అయితే సై. కానీ క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపిన మందుకల్లు మా పాలమూరును ఎంత గోస పెట్టిందో మీరూ ఇనే ఉంటరు. అది అలవాటై, ఒక్కపారి బందైతే చేతులు వణికి, సోయి తప్పి మాట్లాడేటోళ్లను దవాఖానకు మోసుకపోయిండ్రు. అందుకే నా ఓటు సీలున్న సీసాకే.

జర్మనీల బీరుల నిమ్మసోడా కలిపి సైకిలోళ్ల పేరు మీదనే అమ్ముతరు. రాడ్లర్ అంటరు దాన్ని. 1922ల మ్యూనిక్ దగ్గర ఒక హోటలాయన మీదికి వేలమంది సైకిలోళ్లు ఎగబడితే, బీరు సాలక కలిపిండని కత. కత బాగనే ఉన్నది గానీ, 1912ల అచ్చయిన ఒక పుస్తకంలనే ఆ పేరు ఉన్నది. అయితే ఏమాయె, పక్కా వ్యాపారం తెలిసిన మనిషి! నేను మాత్రం కలపను. పల్లికాయ ఉప్పేసి ఉడకబెట్టి ముంగట పెడితే సాలు.

ఖర్చు సంగతంటరా? 2025 జనవరిల యునైటెడ్ బ్రూవరీస్ బాకీల పంచాయితీ పెట్టుకొని సర్కారుకు బీరు పంపుడు కొన్ని దినాలు ఆపింది. ఫిబ్రవరిల సర్కారు ధర 15 శాతం పెంచింది. నాకేం బాధ లేదు. పెట్రోలు పైసలు మిగిలినయి గద, లెక్క సరిపాయె.

ఒక్క ముచ్చట మాత్రం గట్టిగ చెప్త. ముందు తొక్కాలె, ఇంటికొచ్చి సైకిల్ స్టాండేసినంకనే సీసా మూత తియ్యాలె. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ల 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు అని ఉన్నది, సైకిల్‌కు మోటరే లేదు గద అని సందు ఎతుకకుండ్రి. రాత్రి చేన్లకెల్లి అడ్డమురికే పందికి సెక్షన్లు తెల్వయి.

మీరు ఈ దిక్కు వస్తనంటే గాలిపంపు నా దగ్గర ఉన్నది. పల్లికాయ కూడా నాదే. బీరు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలె.