సిండ్రెల్లా యెక్కిన బస్సు

కథలు వినని బాల్యము మన యిండ్లలో లేదు. అన్నము ముద్దలు పెట్టుచు తల్లి చెప్పిన కథయు, వెన్నెలలో మంచముపై పండుకొనబెట్టుకొని అవ్వ చెప్పిన కథయు జన్మమంతయు మన వెంట వచ్చును. ఆడుపిల్లకు కథ చెప్పునపుడు ఆమెకు బుద్ధి గరపుచున్నామని తలంతుము. ఆ కథలో బుద్ధి గరపక విడిచిపెట్టుచున్న వారెవరో మాత్రము విచారింపము. ఇటీవల ఒక యమెరికా దేశపు బొమ్మల చిత్రమును జూచిన పిదప మాకీ యాలోచన కలిగినది. దానిని సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

సిండ్రెల్లా కథ మన పిల్లలకు ఇంగ్లీషు పుస్తకముల మూలమున తెలిసినదే. సవతితల్లి బాధలు పడి పొయ్యికడ బూడిదలో బ్రతికిన పిల్ల, దేవత యనుగ్రహమున గుమ్మడికాయ బండి యెక్కి రాజనగరునకు బోయి, నడిరేయి పండ్రెండు గంటలు కొట్టుసరికి ఇల్లు చేరవలసిన కథ అది. ఫ్రాన్సు దేశమున షార్ల్ పెరో యనునాతడు దీనిని 1697లో ప్రకటించెను. ఆ సంపుటముననే ఎఱ్ఱటోపీ పిల్ల కథయు గలదు. అడవిదారిలో తీయని మాటలు చెప్పిన తోడేలు తుదకామెను మ్రింగుటతో పెరో కథ ముగియును. పడుచులు అట్టి తోడేళ్లను నమ్మరాదని చివర నీతి. వేటగాడు వచ్చి పిల్లను బ్రతికించు ముగింపును గ్రిమ్ సోదరులు 1812లో జర్మనీలో ప్రకటించిరి. పిల్ల చచ్చినను బ్రదికినను నీతి మాత్రము పిల్లకే. తోడేలునకు నీతి చెప్పిన వారు లేరు.

ఈ రెండు కథలను వెక్కిరించి నవ్వించిన వాడు టెక్స్ ఏవరీ. ఆయన 1908లో టెక్సాసు రాష్ట్రమున జన్మించి, ఎం.జీ.ఎం. కంపెనీలో బొమ్మల చిత్రములకు దర్శకుడయ్యెను. సినిమాహాళ్లలో పెద్ద చిత్రమునకు ముందు ఇట్టి పొట్టి చిత్రములు ఏడెనిమిది నిముషములు వేసెడివారు. 1943 నాటి 'రెడ్ హాట్ రైడింగ్ హుడ్'లో కథ పాతరీతిగానే మొదలగును. అంతలో తోడేలు, పిల్ల, అవ్వ మువ్వురును ఈ పాతపాట మాకు వలదని కథకునిపై తిరుగబడుదురు. అంతట కథ పట్నమునకు మారును. ఎఱ్ఱటోపీ పిల్ల నైట్‌క్లబ్బులో పాడును. అవ్వ తోడేలునకు వెఱచుటకు మారుగా తానే దానిని తఱుముకొనును.

కథ నడుమ కథనే వెక్కిరించుట మనకు వింత గాదు. తోలుబొమ్మలాటలో రామాయణము గంభీరముగా నడచుచుండగా జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరపైకి వచ్చి చేయు అల్లరికి మన పెద్దలు పొట్ట చెక్కలగునట్లు నవ్వెడివారు.

1945 ఆగస్టులో విడుదలయైన 'స్వింగ్ షిఫ్ట్ సిండ్రెల్లా' మొదటి చిత్రమునకు చెల్లెలి వంటిది. తోడేలు ఎఱ్ఱటోపీ పిల్లను తఱుముచు తెరపైకి వచ్చి, ఇది సిండ్రెల్లా చిత్రమని పేరు చూచి తెలిసికొని, ఆమెను విడిచి సిండ్రెల్లా యింటికి పరుగెత్తును. ఆమె దేవతను పిలువగా, ఆ ముసలి దేవత తోడేలునే మోహించును. సిండ్రెల్లా పాట పాడునపుడు తోడేలు గ్రుడ్లు వెలికి వచ్చునట్లు చూచుచు వెఱ్ఱియెత్తిపోవును. పండ్రెండు కొట్టగనే ఆమె యింటికి పరుగిడును. బట్టలు మాసికలగునను భయముచే గాదు. ఆమె విమానముల కర్మాగారమున రాత్రిపాళీ పనిమనిషి. యుద్ధకాలమున అమెరికాలో లక్షలకొలది స్త్రీలు కర్మాగారములలో కుదిరిన దినములవి. పనిబట్టలు తొడిగి బస్సెక్కి, తోడేలు బాధ తప్పినదని ఆమె నిట్టూర్చును. తీరా చూడగా బస్సు నిండ తోడేళ్లే! అంతటితో చిత్రము ముగియును.

మేము గద్వాలలో ఉమ్మడి కుటుంబముగా నుండువారము. దసరా సెలవులకు మా ఆడబిడ్డ పిల్లలు నాగర్‌కర్నూలునుండి వచ్చిరి. వారే యీ చిత్రములను టీవీలో పెట్టిరి. అత్తగారికి భాష తెలియకున్నను, ముసలమ్మ తోడేలును తఱుముట చూచి ఆమె పడిపడి నవ్వినది. పదేండ్ల బాలుడు తోడేలువలె ఈల వేసి అందరిని నవ్వించెను. బస్సు ఘట్టము రాగానే మా తోడికోడలి కుమార్తె లేచి వంటయింటిలోనికి పోయినది. మేము వెంట పోయి యేమమ్మా యని యడుగగా, ఆమె తల యెత్తక, "మా బస్సు గూడ గట్లనే ఉంటది చిన్నమ్మా" అన్నది.

ఆమె వనపర్తిలో చదువుచున్నది. దినదినము ఎఱ్ఱవల్లి మీదుగా, బీచుపల్లికడ కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా పోయి రావలెను. తెలంగాణలో 2023 డిసెంబరు 9వ తేదీన పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము ప్రారంభమైన పిదప, చార్జీ లేక చదువు మాని కూర్చున్న పిల్లలు గడప దాటిరి. కాని టిక్కెట్టు లేనంత మాత్రమున దారి సుఖమగునా? నెల దినములుగా నలుగురు యువకులు ఆమె యెక్కు బస్సే యెక్కి, ఈలలు వేయుచు, ఫోనులో ఫోటోలు తీయుచుండిరట. ఆమె వెనుక సీటు విడిచి ముందునకు వచ్చినది. ముందటి బస్సునకు బోయినది. చున్నీ తలపై కప్పుకొన్నది. మార్పులన్నియు ఆమెవే.

సంగతి తెలిసి మా బావగారు, "చదివింది చాలు, సంబంధం చూస్తాను" అనిరి. తోడికోడలు కన్నీరు పెట్టుకొన్నది. ఇంత వినియు అత్తగారు, "ఓ కొడకా! తోడేలును బస్సు దింపుండ్రి గాని, పిల్లనెందుకు దింపుతరు?" అన్నది.

మన ఏడు చేపల కథను తలచుకొనుడు. చేప యేల యెండలేదని మొదలైన ప్రశ్న చేపకడ ఆగలేదు. గడ్డిమోపును, ఆవును, పసులకాపరిని, అవ్వను, పసిబిడ్డను దాటి చీమదాక పోయినది. పసిపిల్లలకు చెప్పు కథలోనే ఇంత న్యాయవిచారణ గలదు. ఆడుపిల్ల బస్సులో ఏడ్చిన దినమున మాత్రము మన ప్రశ్న ఆమెయొద్దనే ఆగును. ఏ బట్ట కట్టితివి, ఏ సీటున గూర్చుంటివి, ఎందుకు చూచితివి? చీమదాక పోవు ఓపిక మనకుండదు.

బావగారు మాటాడక లేచి పోయిరి గాని, మరునాడు బిడ్డతో తామే బస్సెక్కిరి. వారము దినములు ఒక మూల నిలువబడి పోయి వచ్చిరి. కన్నులార జూచిన పిదప చదువు మాన్పించు మాట మరల యెత్తలేదు. ఇద్దరు యువకుల తండ్రులను వెదకి వారి యిండ్లకే పోయి చెప్పి వచ్చిరి. హైదరాబాదున 2014లో మొదలై తరువాత జిల్లాలకు విస్తరించిన పోలీసువారి షీ టీములకు ఫిర్యాదు చేయు త్రోవ యున్నదని పిల్లకును చెప్పిరి. ఈలలు తగ్గినవి. పూర్తిగా ఆగినవని చెప్పజాలము.

ఇక చిత్రము సంగతి. తోడేలును వెఱ్ఱివానిగా జూపుట మెచ్చదగినదే. కాని చిత్రకారుడు తోడేలును వెక్కిరించుచునే, దాని కన్నులతో మనచేతను ఆ పడుచును చూపించును. బస్సు నిండ తోడేళ్లున్నప్పుడు మనలను నవ్వుమనును. ఆమె పని యేమైనదో చెప్పడు. కావున దీనిని పిల్లలకు చూపవలదని మేము చెప్పము; ప్రక్కన పెద్దలు కూర్చుండి చూపవలెను. ఈల వేసిన బాలుని ఆ రాత్రి మేము దగ్గర కూర్చుండబెట్టుకొని, అక్క యెందుకు లేచి పోయినదో చెప్పితిమి. వాడు చాలసేపు మాటాడక, "అక్క బస్సులో ఉన్నోళ్లు గూడ నవ్వుతరా?" అని యడిగెను. నవ్వుదురనియే చెప్పితిమి.

వనపర్తి రాజులు నివసించిన భవనమున 1959 నుండి పాలిటెక్నిక్ కళాశాల నడచుచున్నది. రాజకుమారునితో నాట్యమాడుటకు గాక యంత్రములు నేర్చుటకు ఆడుపిల్లలు రాజనగరునకు పోవు కాలము వచ్చినది. వారికి గుమ్మడికాయ బండి వలదు. ఉన్న బస్సులో నిశ్చింతగా కూర్చుండనిచ్చిన చాలును. కూతులకు జాగ్రత్తలు చెప్పుటలో మనలో ఎవ్వరును వెనుకబడలేదు. కొడుకులకేమి చెప్పుచున్నామో సోదరీమణులు ఒక్కమారు యోచింతురు గాక.